పనస మాను - వీణ

తలుపు చెక్కలో ముడి కనబడితే బళ్లారి వడ్రంగి దానిని తప్పించి కోస్తాడు. గిటారును పలుచని పలకలు అతికి చేస్తారు. చెడ్డ పలకను మార్చవచ్చు. ఏకాండి వీణ చేసేవారికి ఆ వెసులుబాటు లేదు. కుండ, దండి, యాళి తల ఒకే మానునుండి రావాలి.

విజయనగరం జిల్లాలో బొబ్బిలి దగ్గరి గొల్లపల్లి ఇటువంటి వీణలకు పేరుపొందింది. అక్కడ సర్వసిద్ధి ఇంటిపేరుగల కుటుంబాలవారు పనసకర్రతో వీణలు చేస్తున్నారు. పనసకర్ర ఉలికి లొంగుతుంది, నాదాన్ని చక్కగా పలికిస్తుంది.

అయితే ప్రతి పనస మానూ వీణకు పనికిరాదు. కర్రలోని నార నిలువుగా సాగాలి. కొమ్మ పుట్టినచోట ముడి ఏర్పడుతుంది. నార దానిని చుట్టుకొని వంకర తిరుగుతుంది. అటువంటి ముడి దండిలో పడితేనే అసలు చిక్కు. వీణకు ఏడు తీగలు. బిగించిన తీగలు దండిని రేయింబవళ్లు లాగుతూనే ఉంటాయి. నార ఏటవాలుగా ఉన్న దండి ఆ లాగుడుకు వంగవచ్చు. అప్పుడు మైనంపై నిలిపిన 24 మెట్లు ఎత్తు తప్పి, స్వరం చెడుతుంది.

పచ్చికర్ర మరొక చిక్కు. ఆరేటప్పుడు కర్ర నిలువునా కుంచించుకుపోయేది చాలా స్వల్పం, అడ్డంగా ఎక్కువ. అందువల్లనే పగుళ్లు నార వెంబడి సాగుతాయి. రంపపుపొట్టును జిగురుతో కలిపి పూడ్చితే పగులు కంటికి కనబడకపోవచ్చు. చెవిని మోసగించడం కష్టం.

గొల్లపల్లిలో జ్ఞాపికలుగా ఇచ్చే చిన్న వీణలు కూడా చేస్తారు. ముడిని తప్పించగా మిగిలిన మంచి ముక్క వాటికి చాలు.