జడ్చర్ల ప్రాంతమున లంబాడీ మాతృభాషీయుల గణన: కొన్ని సమస్యలు

జడ్చర్ల నుండి హైదరాబాదు దిక్కుగా జాతీయ రహదారిపై సాగినచో బాలానగరు మండలము తగులును. ఈ మండలమునందును, చుట్టుపట్ల నవాబుపేట, మిడ్జిల్ మండలములందును లంబాడీ తాండాలు విరివిగా కలవు. తాండాలో తల్లి బిడ్డతో లంబాడీలో మాటలాడును. ఆమెయే బాదేపల్లి మార్కెట్టుకు పంట తెచ్చినపుడు తెలుగున బేరమాడును. బిడ్డ బడిలో తెలుగునో ఆంగ్లమునో చదువును. ఇట్టి కుటుంబమున మాతృభాష ఏదియని అడిగినచో సమాధానము సులభమేయని తోచును. కాని ఆ సమాధానము గణకుని కాగితము నుండి ముద్రిత పట్టికకు చేరునప్పటికి పెక్కు మార్పులకు లోనగుచున్నది. ఆ మార్పుల స్వరూపమును పరిశీలించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

జనగణన శాఖవారి నిర్వచనము స్పష్టమైనదే. బాల్యమున తల్లి ఆ వ్యక్తితో మాటలాడిన భాష మాతృభాష. శైశవముననే తల్లి మరణించియున్నచో బాల్యమున ఇంట ప్రధానముగ వాడబడిన భాష మాతృభాషగా గ్రహింపబడును. చెప్పినది చెప్పినట్లు వ్రాయవలెననియు, అది భాషయో మాండలికమో నిర్ణయించు పని గణకునిది కాదనియు నియమము. మాతృభాష గాక తెలిసిన మరి రెండు భాషలను కూడ నమోదు చేయుదురు. చిక్కు నిర్వచనమున లేదు, అడుగు తీరులో కలదు. "మీరు ఏమి మాటలాడుదురు?" అని తెలుగున అడిగినపుడు, అడిగినవారితో తాము వాడుచున్న భాషనే చెప్పుట మానవసహజము. గణకుడు స్థానికుడైన ఉపాధ్యాయుడైనచో, ఆ తాండావారు తనతో చక్కని తెలుగు మాటలాడుట అతడు నిత్యము వినుచున్నదే. అట్టివాడు అడుగకయే "తెలుగు" అని వ్రాసికొనిపోవు ప్రమాదము తక్కువది కాదు.

రెండవ చిక్కు పేరునకు సంబంధించినది. తెలంగాణమున లంబాడీలనియు, రాయలసీమలో సుగాలీలనియు, కర్ణాటకమున లంబాణీలనియు, మహారాష్ట్రమున బంజారాలనియు పిలువబడు వీరు తమ్ము తాము "గోర్" అనియు, తమ పలుకును "గోర్ బోలి" అనియు వ్యవహరింతురు. ఇతరులు పెట్టిన పేర్లు పెక్కు, తాము పెట్టుకొన్నది ఒకటి. అయినను పట్టికలో స్థానము దొరకినది ఇతరులు పెట్టిన పేర్లకే. 2011 జనగణనలో "లమాణీ/లంబాడీ" అను పద్దు క్రింద 32,76,548 మందియు, "బంజారీ" అను పద్దు క్రింద 15,81,271 మందియు చూపబడిరి. రెండును కలిపినచో 48,57,819. అదే గణనలో అష్టమ షెడ్యూలునందలి డోగ్రీ 25,96,767 మందికిని, బోడో 14,82,929 మందికిని మాతృభాష. లంబాడీ సంఖ్య ఆ రెండింటి మొత్తమును కూడ మించినది. అయినను ఈ మొత్తము ఏ పట్టికలోను ఒక్కచోట కానరాదు. కూడినవారికే తెలియును.

కానరాకుండుటకు వేరొక హేతువు కూడ కలదు. ఈ రెండు పద్దులును స్వతంత్ర భాషలుగ గాక "హిందీ" అను వర్గము క్రింద చేర్చబడినవి. 2011లో ప్రజలు చెప్పిన పేర్లు 19,569. వాటిని సవరించి 1,369 మాతృభాషలుగ తేల్చిరి. వాటిలో దేశమంతటను పదివేలమందికి పైబడి మాటలాడువారు కలవి 270. ఈ 270ని 121 భాషలుగ వర్గీకరించిరి. అందుచేత బాలానగరు తాండాలోని వృద్ధురాలు, హిందీ అర్థము కాకపోయినను, భాషల మొత్తములలో హిందీ భాషీయురాలుగ లెక్కింపబడుచున్నది. లంబాడీ ఆర్యభాషా కుటుంబమునకు చెందినదనుటయు, రాజస్థానీతో దానికి చుట్టరికము కలదనుటయు నిజమే. గ్రియర్సను భారత భాషా పరిశీలనమున తొమ్మిదవ సంపుటము మూడవ భాగములో (1907) దీనిని భిల్లీ, ఖాందేశీలతో పాటు వేరుగ వివరించెను. ఆ పరిశీలనము నిజాము రాష్ట్రమునకు విస్తరింపలేదు. కావున పాలమూరు తాండాల పలుకు నాటి వర్గీకరణమునకు ఆధారము కాజాలదు. చుట్టరికము వేరు, ఏకత్వము వేరు. ఇట్టి తర్కముతోనే ఎరుకలవారి కుర్రు భాష తమిళము క్రింద చేర్చబడినది.

తెగను లెక్కించినచో భాషను లెక్కించినట్లే కదా అను వాదము కూడ నిలువదు. నల్లమల అమ్రాబాదు పీఠభూమిలోని చెంచులను గూర్చి హైమన్‌డార్ఫ్ 1943లో గ్రంథము వెలువరించెను. ఆ చెంచుల వ్యవహారభాష తెలుగే. తెగ నిలిచియున్నను వేరు భాష నిలువలేదు. తెగల సంఖ్య చట్టమును బట్టియు మారును. ఆంధ్రప్రదేశమున షెడ్యూల్డు తెగల జనసంఖ్య 1971లో 16.57 లక్షలు, 1981లో 31.76 లక్షలు. ఇంతటి పెరుగుదల జననముల వలన కలిగినది కాదు. 1976 నాటి సవరణ చట్టముచే తెలంగాణ లంబాడీలు జాబితాలో చేరుటయే ఇందులకు ముఖ్యకారణము.

పాలమూరునకు ప్రత్యేకమైన సమస్య వలస. జనగణన ఫిబ్రవరిలో జరుగును. మార్చి 1 ప్రమాణదినము. వానకాలపు పంట ముగిసి, బావి నీరులేని మెట్టభూములవారు కూలికై పూణె, ముంబయి నగరములకు పోవు కాలమది. ఎక్కడ ఉన్నవారిని అక్కడనే లెక్కింతురు. మహారాష్ట్రమున "బంజారీ" పేరు రూఢమైనది కనుక, తన తాండాలో "లంబాడీ" కావలసినవాడు అచట "బంజారీ" పద్దులో పడుటకు అవకాశము కలదు. తాండాలో మిగిలిన ముదుసలులును పిల్లలును మాత్రమే జిల్లా లెక్కకు అందుదురు.

మాతృభాషా సంఖ్యలు భాషావాస్తవమును గాక కొన్నిమారులు అభిమానమును కూడ తెలుపునని ప్రాచ్యకళాశాలలవారికి వేరుగ చెప్పనక్కరలేదు. సంస్కృతము మాతృభాషగా చెప్పినవారు 1981లో 6,106, 1991లో 49,736, 2001లో 14,135, 2011లో 24,821. ఏ భాషయు పదేండ్లలో ఎనిమిదింతలు పెరిగి, మరి పదేండ్లలో మూడవ వంతునకు తగ్గదు. సంస్కృతమునకు ఈ ఊగిసలాట వలన కలుగు హాని స్వల్పము. దానికి వ్యాకరణము, పాఠశాలలు, గ్రంథాలయములు కలవు. లంబాడీకి తరతరాలుగ ఆశ్రయము తల్లి నోరే. 2004 ప్రాంతమున ఆంధ్రప్రదేశ ప్రభుత్వము ఎనిమిది గిరిజన భాషలలో ప్రాథమిక వాచకములను తెలుగు లిపిలో ప్రవేశపెట్టినపుడు బంజారా భాష కూడ వాటిలో ఒకటి. ఏ తాండాలోని బడికి ఎన్ని వాచకములు, ఎందరు ఆ భాష ఎరిగిన ఉపాధ్యాయులు కావలెనో నిర్ణయించుటకు గ్రామస్థాయి మాతృభాషా సంఖ్య కావలెను. జిల్లా సంఖ్యతో ఆ పని జరుగదు. పైగా 2016లో పాత మహబూబ్‌నగరు జిల్లా ముక్కలగుటచే 2011 నాటి జిల్లా సంఖ్యను రాబోవు సంఖ్యతో నేరుగ పోల్చుటకును వీలులేదు. 2018 చట్టముచే తాండాలు పెక్కు స్వతంత్ర గ్రామపంచాయతీలైనవి కనుక తాండావారీ లెక్క తీయుట మునుపటికంటె సుకరము.

2021లో జరుగవలసిన గణన వాయిదాపడి, 2027 మార్చి 1 ప్రమాణదినముగ 2025 జూన్‌లో ప్రకటన వెలువడినది. జడ్చర్ల పరిసరములలోని గణకులకు శిక్షణనిచ్చునపుడు రెండు అంశములు చేర్చవలసియున్నవి. మొదటిది, మాతృభాష యను సంస్కృతపదమును వదలి, "మీ యాడి మీతో ఏ మాట మాటలాడెను?" అని అడుగుట, యాడి యనగా లంబాడీలో తల్లి. రెండవది, గోర్ బోలి, లంబాడీ, బంజారీ, సుగాలీ యని ఎవరేది చెప్పినను దానినే వ్రాయుట. వాటిని కూర్చి ఒక్క మొత్తముగ చూపు పని ముద్రించువారిది.