దయ – సత్యము – రాజదండము

ప్రభువు చేతిలో ధనము కలదు, సైన్యము కలదు, దండము కలదు. ఈ మూటితో ఆయన చేయగల కార్యములు అనేకములు. చెరువులు త్రవ్వింపవచ్చును, దొంగలను అణపవచ్చును, కరవు వచ్చినపుడు ధాన్యపు కొట్లు తెరపింపవచ్చును. కాని ఒక మనుష్యుని హృదయమున దయ పుట్టవలెనని ఆజ్ఞాపించుటకు ఏ రాజునకును శక్తి లేదు. అసత్యమునకు ముద్ర వేసి సత్యముగా చలామణి చేయుటకును శక్తి లేదు. ఈ హద్దు ఎక్కడ నున్నదో తెలిసికొనుట పాలించువానికి ఎంత అవసరమో, పాలింపబడువానికిని అంత అవసరము. 12వ శతాబ్దమున కల్యాణ నగరమున బసవేశ్వరునకును బిజ్జల భూపాలునకును నడుమ జరిగిన చరిత్ర ఈ హద్దును గూర్చిన పాఠమే.

రాజు, మంత్రి

బసవేశ్వరుడు బాగేవాడిలో మాదిరాజు, మాదలాంబలకు జన్మించెను. కృష్ణా మలప్రభలు కలియు కూడలసంగమమున ఆయన సాధన సాగెను. తన మామయైన బలదేవ దండనాయకుని అనంతరము బిజ్జలుని కొలువున ఉన్నతాధికారమును స్వీకరించి, బొక్కసమునకు అధిపతియై, భండారి బసవన్నయని పేరొందెను.

బిజ్జలుడు కలచురి వంశజుడు. మంగళవాడలో చాళుక్యులకు సామంతుడుగా నుండి, ఏలిక బలహీనుడగుట చూచి రాజ్యమును తన వశము చేసికొని, 1162లో చక్రవర్తి బిరుదములను ధరించెను. తన ప్రభువునకు చూపవలసిన విధేయతను విడిచినవాడు, తన సేవకుల నుండి సంపూర్ణమైన విధేయతను కోరెను. అధికారమునకు ఇది సహజ లక్షణము.

ఇచ్చట పాఠకులు గమనింపవలసిన విషయ మొకటి కలదు. బసవేశ్వరుడు అడవిలో తపస్సు చేసికొను విరాగి కాడు. రాజు ఇచ్చు జీతము తిని, రాజు బొక్కసపు తాళపు చెవులు చేతబూనిన ఉద్యోగి, గృహస్థుడు. కావున ఆయన ఎదుర్కొన్న ధర్మసంకటము మునులది కాదు. నిత్యము ఒకరి క్రింద పని చేయుచు, తన అంతరాత్మకును సమాధానము చెప్పుకొనవలసిన ప్రతి గృహస్థునిది.

లెక్క అడుగు హక్కు

బసవేశ్వరుడు జంగమ దాసోహమునకై రాజధనమును దోచిపెట్టుచున్నాడని కొలువులోని వారు బిజ్జలునితో చెప్పిరి. రాజు పిలిపించి లెక్క అడిగెను. బసవేశ్వరుడు కోపింపలేదు. భక్తుని లెక్క అడుగుటకు నీవెవరవని అనలేదు. బొక్కసమును తెరపించి లెక్కింపజేసెను. ధనము ఒక్క కాసైనను తరుగలేదు. పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున వర్ణించిన ఈ ఘట్టమును శివుని మహిమగా భావించువారు కలరు. దాసోహమునకు వ్యయమైనది బసవేశ్వరుని సొంత సంపాద్యమే కాని రాజధనము కాదని గ్రహించువారును కలరు. ఎట్లు గ్రహించినను అందలి నీతి ఒక్కటే. ప్రజల ధనమునకు లెక్క అడుగుట రాజుకు గల న్యాయమైన హక్కు. భక్తి ఆ హక్కునకు అతీతము కాదు.

ఆయనను గూర్చి సంప్రదాయమున మరియొక కథ కలదు. దొంగలు ఆయన ఇంటి ఆవులను తోలుకొనిపోయిరి. ఆ వార్త విని ఆయన దొంగలను పట్టి తెండని చెప్పలేదు. దూడలు తల్లుల పాలకై అలమటించునని, వానిని గూడ తీసికొనిపోయి ఆవుల యొద్దకు చేర్పుడనెను. ఈ రెండు కథలను ప్రక్కప్రక్కన నుంచి చూడవలెను. తన ఆవులను దొంగలకు విడువగలిగినవాడు, రాజు బొక్కసములోని ధనమును మాత్రము లెక్క లేకుండ విడువలేదు. తన సొత్తును ఇచ్చుట దయ. ఇతరుల సొత్తును ఇచ్చి దాత యనిపించుకొనుట దయ కాదు. దయకు పునాది సత్యము. సత్యము లేని దయ పరుల ధనముతో సంపాదించిన కీర్తి యగును.

అందువలననే శరణులు దాసోహమునకు ముందు కాయకమును ఉంచిరి. రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చి దాసోహము చేయు ఆయ్దక్కి మారయ్య ఒకనాడు అవసరమునకు మించి తెచ్చెను. భార్యయైన లక్కమ్మ ఆ బియ్యమును ఇంట చేరనీయలేదు. అధికముగా కూడబెట్టు ఆశ రాజులకు చెల్లును గాని శరణులకు తగదని మందలించి, అదనపు గింజలను తిరిగి అచ్చటనే పోసి రమ్మని పంపెను. రాజును విమర్శించుటకు ముందు తన యింట రాజబుద్ధి చొరకుండ ఆమె కాపాడుకొనెను.

రాజదండము ఆగవలసిన చోటు

బొక్కసమున బిజ్జలునకు హక్కు కలదు. కాని మనుష్యుని అంతరంగమున ఏ రాజునకును హక్కు లేదు. ఉడుతడి ప్రభువైన కౌశికుడు అక్కమహాదేవి సౌందర్యమునకు మోహపడి ఆమెను తన అంతఃపురమునకు చేర్చుకొనెను. ఆమె మనస్సు చెన్నమల్లికార్జునునికే అర్పితమై యుండెను. ఆమె నగలను, రాజభవనమును, చివరకు కట్టుబట్టలను గూడ విడిచి వెడలిపోయినపుడు రాజు సమస్త బలమును వ్యర్థమయ్యెను. ఆమె కల్యాణమునకు చేరి, అనుభవ మంటపమున శరణుల గౌరవము పొంది, తుదకు మన శ్రీశైలమునకు వచ్చెను.

కల్యాణమున జరిగినది ఇంతకంటె ఘోరము. బ్రాహ్మణ వంశమున జన్మించి శరణ మార్గము పట్టిన మధువరసు, చెప్పులు కుట్టు కాయకము చేయు హరళయ్య వియ్యమందిరి. మధువరసు కుమార్తెను హరళయ్య కుమారునకు ఇచ్చి వివాహము చేసిరి. శరణుల దృష్టిలో అందు దోషము లేదు. ఇష్టలింగమును ధరించినవానికి పూర్వపు కులము నిలువదు. కావున అది ఇద్దరు సమానుల ఇండ్ల నడుమ జరిగిన పెండ్లి. కాని కొలువులోని వారు వర్ణసంకరమని ఘోష పెట్టిరి. బిజ్జలుడు ఆ తండ్రులను ఏనుగు కాళ్లకు కట్టించి ఈడ్పించెనని సంప్రదాయము చెప్పుచున్నది. సోమనాథుని బసవపురాణమున అల్లయ్య, మధువయ్యలను భక్తుల కన్నులను రాజు తీయించెనని కలదు. కథనములు వేరైనను క్రౌర్యము ఒక్కటే.

ఆ వివాహము వలన ఎవరి సొత్తు పోయినది? ఎవరి ప్రాణము పోయినది? నష్టపోయినవాడు ఒక్కడును లేడు. నష్టపోయినవాడు లేనిచోట శిక్ష విధించుట దండనీతి కాదు, అది భయము. ఇద్దరు మనుష్యులు సమానులన్న సత్యము వీధిలో నడచిన యెడల తన సింహాసనపు మెట్లు కదలునని రాజు భయపడెను. కన్నులు తీయించుట ఆయన శక్తికి లోబడిన పని. ఆ కన్నులు చూచిన సత్యమును తీయించుట మాత్రము ఆయనకు సాధ్యము కాలేదు.

కఠినమైన ప్రశ్న

ఇచ్చటితో ఆగినచో పాఠము సగమే యగును. తరువాత జరిగినదియు చెప్పవలెను. జగదేవుడు మొదలైన భక్తులు బిజ్జలుని వధించిరని బసవపురాణము చెప్పుచున్నది. సోమనాథుడు దానిని శివద్రోహికి తగిన శిక్షగానే కీర్తించెను. జగదేవుడు ఆ కార్యమును బసవేశ్వరుని ఆజ్ఞగా స్వీకరించినట్లు వ్రాసెను. జైనుల కథనము వేరు. శాసనములను బట్టి 1167–68 ప్రాంతమున రాజ్యము బిజ్జలుని కుమారుడైన సోవిదేవునకు సంక్రమించెనని మాత్రము తెలియుచున్నది. బసవేశ్వరుడు కల్యాణమును విడిచి కూడలసంగమమునకు వెళ్లి, అచ్చట లింగైక్యము చెందెను.

దయను ధర్మమునకంతటికి ఆధారముగా బోధించిన మహనీయుడు, హింసను, క్రోధమును, అసత్యమును విడువుమని చెప్పిన గురువు, కత్తిని ఎట్లు సమ్మతించును? ఈ ప్రశ్నను దాటవేయుట సత్యమునకు ద్రోహము. పురాణము భక్తుల ఆవేదనను చెప్పును. తమవారి కన్నులు పోయినపుడు పుట్టిన మంటను చెప్పును. ఆ ఆవేదన అర్థము కానిది కాదు. కాని బసవేశ్వరుని బోధను ఆయన వచనముల నుండి తెలిసికొనవలెను. ఆ వచనముల తూనికతో తూచినచో, రాజదండమునకు గల హద్దే ఎదిరించువాని కత్తికిని కలదు. ఒకడు శరీరమును నశింపజేసి సత్యమును ఆపదలచెను. మరియొకడు శరీరమును నశింపజేసి సత్యమును నిలుపదలచెను. ఇరువురును శరీరమునందే ఆగిపోయిరి.

ఫలితమును చూడుడు. రాజు మరణించినను అనుభవ మంటపము మరల నిలువలేదు. శరణులు చెల్లాచెదరైరి. చెన్నబసవన్న మొదలగువారు ఉళవికి చేరిరి. కత్తి సాధింపలేని దానిని సాధించినది వారి ఓర్పు. వచనములను మూటలు కట్టి మోసినవారు, కంఠస్థము చేసి పాడినవారు, పిల్లలకు నేర్పినవారు ఆ సత్యమును కాపాడిరి. 1184 నాటికి కలచురుల ప్రభుత్వము అంతరించెను. బసవేశ్వరుని కథ మాత్రము శరణుల నోళ్ల మీదుగా తెలుగు నేలకు చేరి, సోమనాథుని చేత ద్విపద కావ్యమయ్యెను. ఆ తెలుగు కావ్యమును ఆధారముగా గొని భీమకవి 1369లో కన్నడమున బసవపురాణమును రచించెను. రాజ్యము ముప్పది యేండ్లు నిలువలేదు. మాట ఎనిమిది శతాబ్దములు దాటి నిలిచినది.

నేటి బిజ్జలులు

నేడు మనకు రాజులు లేరు. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగము ప్రభుత్వము యొక్క అధికారమునకు హద్దులు గీసినది. 17వ అధికరణము అస్పృశ్యతను రద్దు చేసినది. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టము కులమత భేదములు లేకుండ వివాహమాడు మార్గమును చూపినది. వయస్సు వచ్చినవారు తమకిష్టమైన వారిని వివాహమాడవచ్చునని, వారిని బెదిరించువారిపై చర్య తీసికొనవలెనని సుప్రీంకోర్టు 2006లో స్పష్టముగా తీర్పు చెప్పినది. మధువరసు, హరళయ్యలకు రాజు మరణశిక్ష విధించిన కార్యమును నేటి ప్రభుత్వము రక్షింపవలసి యున్నది.

అయినను శిక్ష ఆగినదా? రాజు విడిచిన దండమును బంధువులు చేతబట్టుచున్నారు. కులము పేరిట కన్నబిడ్డల నెత్తురు కండ్లజూచు తండ్రుల వార్తలు ఇప్పటికిని వినుచున్నాము. అంత దూరము పోనివారును కుమార్తెతో మాట మానుదురు. ఇంటి గడప త్రొక్కనీయరు. బసవ జయంతి నాడు హరళయ్య కథ విని కన్నీరు కార్చి, మరునాడు పెండ్లి సంబంధములలో శాఖోపశాఖలను విచారించువాడు, సింహాసనము లేని బిజ్జలుడే.

అధికారము కిరీటమున మాత్రమే యుండదు. ఇంటి పెద్ద మాటలో నుండును, సంఘపు కోశాధికారి కలములో నుండును, ఉపాధ్యాయుని బెత్తములో నుండును. ఆ అధికారము తన చేతికి వచ్చిననాడు ప్రతి భక్తుడును మూడు విషయములను మననము చేయవలెను.

మొదటిది: నా వశముననున్న పరధనమునకు, అడిగిన నిమిషమున లెక్క చూపగలనా?

రెండవది: నేను విధించు శిక్ష నిజముగా ఎవరికైనను కలిగిన నష్టమును మాన్పుటకా, నా భయమును కప్పిపుచ్చుకొనుటకా?

మూడవది: నాకు అన్యాయము జరిగిననాడు, నేను ఎదిరించు విధము నన్ను హింసించినవాని విధముకంటె వేరుగా నున్నదా?

ఈ మూడు ప్రశ్నలకు నిర్మలముగా సమాధానము చెప్పగలవాని చేతిలో అధికారము కాయకమగును. చెప్పలేనివాని చేతిలో అదియే ఏనుగు కాలగును.