ఉంగరం లాకర్‌లో పెట్టకు బిడ్డా

శాలిబండ,
హైదరాబాద్.

చిరంజీవి మనవరాలికి తాత ఆశీస్సులు.

నీ మెసేజ్ చూశాను. ఇంత జవాబు ఫోన్‌లో కొట్టడం నా వేళ్లకు చేతకాదు గనుక కాగితం మీద రాస్తున్నా. మీ అమ్మ రెండుసార్లు ఫోన్ చేసింది. మొదట నాయనమ్మ కెంపుల ఉంగరం పోయిందని ఏడుస్తూ, తర్వాత దొరికిందని తిడుతూ.

రంజాన్ రాత్రి చార్మినార్ దగ్గర తిరగడం తప్పేం కాదు. హలీం తిన్నారు, లాడ్ బజార్‌లో లక్క గాజులు చూశారు. గాజు ఎక్కించుకోవడానికి అడ్డమని ఉంగరం తీసి గల్లా పక్కన పెట్టావు, బేరం సందడిలో మరిచావు. ఇక్కడిదాకా నాకు కోపం లేదు. ఇల్లు చేరి వేలు చూసుకోగానే మీరంతా ముందుగా అనుమానించింది ఆటో అతన్ని. అర్ధరాత్రి దాటాక ఫోన్ చేసి గద్దించారట కూడా. దొరికిన సంగతి అతనికి చెప్పావా? నీ మెసేజ్‌లో ఆ ముక్క లేదు. ఈ ఉత్తరం పక్కన పెట్టి ముందు అతనికి ఫోన్ చెయ్యి. దొరికిందని చెప్పు, తప్పయిందని కూడా చెప్పు.

ఇక ఉంగరం దాచి ఉంచిన ఆ గాజుల దుకాణం పెద్దమనిషి. ఏ వేలిది, ఎన్ని రాళ్లు అని అడిగి, జవాబు సరిపోయాకే కాగితం పొట్లం విప్పాడన్నావు. భేషైన పని. నేను పురానీ హవేలీ కోర్టులో వకీలు గుమాస్తాగా బతికినవాణ్ని, నాకు సెక్షన్లు గుర్తొస్తాయి. ఒకరి వస్తువు దొరికి దగ్గర పెట్టుకున్నవాడికి, అప్పగింతగా తీసుకున్నవాడికి ఉన్నంత బాధ్యత ఉంటుందని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 71వ సెక్షన్ చెబుతుంది. అదే చట్టంలో 168వ సెక్షన్, దాన్ని కాపాడిన శ్రమకూ ఖర్చుకూ పరిహారం ముట్టేదాకా వస్తువు ఇవ్వకుండా ఆపుకునే హక్కునూ ఇచ్చింది. ఆయన ఆపలేదు సరికదా, నువ్వు నోటు తీస్తే చేతులు అడ్డం పెట్టాడు. 'పాతబస్తీలో పోయింది ఇక దొరుకుతుందా' అన్న మీ అమ్మకు ఈ మాట నేనే చెప్తాలే.

అసలు నేను కలం పట్టింది నీ చివరి వాక్యం చూసి. ఇకమీదట ఉంగరం బ్యాంకు లాకర్‌లో పెడతానన్నావు. వాడకుండా దాచిపెట్టిన సొమ్ము సంగతి ఎలా ఉంటుందో చెప్తా విను.

మా కోర్టు పక్కనే, పురానీ హవేలీలోనే, నిజాం మ్యూజియం ఉంది. ఏడో నిజాం రజతోత్సవానికి వచ్చిన కానుకలు అందులో చాలా ఉన్నాయి. 2018 సెప్టెంబరు 2 రాత్రి ఇద్దరు కుర్రాళ్లు వెంటిలేటర్ ఊడదీసి దొంగతనం చేశారు. వజ్రాలు, కెంపులు, పచ్చలు పొదిగిన మూడు గిన్నెల బంగారు టిఫిన్ డబ్బా, బంగారు కప్పు, సాసర్, చెంచా పట్టుకుపోయారు. బంగారు తొడుగున్న ఖురాన్ మీదా చెయ్యి వేశారట గానీ, అజాన్ వినబడి వదిలేశారు. ముంబై వెళ్లి పెద్ద హోటల్లో దిగారు. అంత సొమ్ము కొనేవాడెవడు? పదిరోజులు తిరక్కుండానే పోలీసులు పట్టుకున్నారు, వస్తువులన్నీ తిరిగొచ్చాయి. నిజాం ఆ డబ్బాలో ఎన్నడైనా తిన్నాడో లేదో గానీ, దొంగల్లో ఒకడు మాత్రం రోజూ అందులోనే భోంచేశాడని పోలీసులు చెప్పారు. నవ్వొచ్చింది నాకు. దాన్ని టిఫిన్ డబ్బాగా వాడుకున్నవాడు వాడొక్కడే అయి ఉంటాడు!

నిజాంల జేకబ్ వజ్రం సంగతీ అంతే. ఆరో నిజాం పోయిన కొన్నేళ్లకు ఆయన జోడు కొసలో కొడుకైన ఏడో నిజాంకు దొరికిందనీ, దాన్ని కాగితాల మీద బరువుగా పెట్టుకున్నాడనీ చెప్పుకుంటారు. దాదాపు 185 కారట్ల రాయి! 1995లో కేంద్ర ప్రభుత్వం 218 కోట్లకు కొన్న 173 నగల్లో అదీ ఒకటి. ఇప్పుడు రిజర్వు బ్యాంకు ఖజానాలో ఉంది. ఎప్పుడో ఒక ప్రదర్శన పెడితే తప్ప చూసే కన్ను లేదు. అంత విలువైనదానికి ఆ కాపలా తప్పదు, ఒప్పుకుంటా. మన ఉంగరానికి అంత యోగం లేదు.

మీ నాయనమ్మ ఆ ఉంగరంతోనే పిండి కలిపింది, అంట్లు తోమింది, మీర్ ఆలం మండీలో వంకాయలు బేరమాడింది. ఒక కెంపు ఊడితే కొంగున ముడేసుకొచ్చి కంసాలి దగ్గర పెట్టించింది. ఎడమవైపు రాయి కాస్త ఒరిగి ఉంటుంది చూడు, అది ఆ రాయే. లాకర్‌లో పెట్టాలని ఆమెకు ఎప్పుడూ తోచలేదు.

వదులుగా ఉంటే కంసాలి దగ్గర సైజు తగ్గించుకో. గాజులు వేసుకునేటప్పుడు తీసి గల్లా మీద కాదు, కొంగున కట్టుకో. చున్నీ అయితే చున్నీకే కట్టుకో. లాకర్ ఫారం చింపెయ్. ఈసారి వచ్చినప్పుడు ఉంగరం వేలికి ఉండాలి. ఆ దుకాణానికి ఇద్దరం వెళ్లి మీ అమ్మకు నాలుగు జతల గాజులు కొందాం. బేరం మాత్రం ఆడకు.

ఇట్లు,
నీ తాత