అంబొసెలీకి బయలుదేరుతున్న పరిశోధకురాలికి



కెన్యా దక్షిణ సరిహద్దులో, కిలిమంజారో పర్వతం ఎదుట ఉన్న అంబొసెలీ 1974లో జాతీయ పార్కుగా మారేవరకు గేమ్ రిజర్వుగా, అంటే వన్యమృగాల కోసం కేటాయించిన రక్షిత ప్రాంతంగా ఉండేది. వానలు అంతంతమాత్రమే అయిన ఆ నేలలో ఏనుగులు నిలదొక్కుకోగలగడానికి కారణం, కొండ మీద కురిసిన నీరు భూగర్భం గుండా ప్రవహించి మైదానంలో చిత్తడి నేలలుగా పైకి ఉబకడమే. సింథియా మాస్, హార్వే క్రోజ్ 1972లో అక్కడ ప్రారంభించిన పరిశీలన నేటికీ కొనసాగుతున్నది గనుక, తనకు ముందు అర్ధ శతాబ్దంగా రాస్తూ వచ్చిన పుస్తకంలో తన చేతివ్రాత కలవబోతున్నదని కొత్తగా వెళ్ళే పరిశోధకురాలు ముందుగా గ్రహించాలి.

ప్రతి ఏనుగునూ విడిగా గుర్తుపట్టగలగడం ఈ విద్యకు పునాది. 1960లలో టాంజానియాలోని మన్యారా సరస్సు దగ్గర ఇయాన్ డగ్లస్-హామిల్టన్ పాదుకొల్పిన పద్ధతిలో ఈ గుర్తింపు ప్రధానంగా చెవి మీద ఆధారపడుతుంది. చెవి వెనుక అంచున పడిన గంట్లు, చిరుగులు, మధ్యలోని రంధ్రాలు, పైకి ఉబ్బి కనిపించే రక్తనాళాల అల్లిక ఏ రెండు ఏనుగులకూ ఒకేలా ఉండవు. ఫొటో తీసుకున్నా సరే, రెండు చెవులనూ చేత్తో గీసుకోవడం అలవరచుకోవాలి. గీసే చేయి, కన్ను దాటవేసిన చిన్న గంటును కూడా పట్టుకుంటుంది. కొత్త చిరుగు పడితే పాత గుర్తు అందులో కలిసిపోతుంది, బురద ఆరితే రంధ్రం మూసుకుపోయినట్లు కనిపిస్తుంది, అందువల్ల పాత బొమ్మను దిద్దకుండా, తేదీ వేసి కొత్త బొమ్మ గీయాలి. అంబొసెలీలో ఒక్కో కుటుంబానికి అక్షర సంకేతం ఇచ్చి, ఆ కుటుంబంలోని ఏనుగులకు ఆ అక్షరంతో మొదలయ్యే పేర్లు పెట్టారు. 2009లో మరణించిన ఎకో అనే ఆడ ఏనుగు ఈబీ కుటుంబానికి పెద్దగా లోకమంతటా ప్రసిద్ధి పొందింది. పేర్లు పెడితే శాస్త్రదృష్టి పలచబడుతుందన్న ఆక్షేపణకు బలం లేదు, ఎందుకంటే అంకె కంటే పేరు జ్ఞాపకంలో బాగా నిలుస్తుంది, పొరపాటు నమోదులు తగ్గుతాయి.

గర్భధారణకే సుమారు 22 నెలలు పట్టే, ఆరు దశాబ్దాల దాకా బతకగల జంతువు విషయంలో రెండు మూడేళ్ళ పరిశోధన చూపగలిగేది స్వల్పం. మన మావటీలకు శతాబ్దాలుగా తెలిసిన మదం, అంటే కణతల దగ్గరి గ్రంథులు స్రవించి, మూత్రం ఎడతెగక చుక్కలుగా కారి, మగ ఏనుగు ఆడ ఏనుగుల కోసం దూకుడుగా తిరిగే దశ, ఆఫ్రికా ఏనుగుల్లోనూ ఉన్నదని జాయిస్ పూల్, మాస్ 1981లో ప్రకటించగలగడానికి ఆధారం, ఒక్కొక్క మగ ఏనుగును పేరుతో గుర్తించి పదేపదే గమనించి రాసుకున్న నమోదులే. ఆ దృష్టితో చూస్తే, విశేషమేదీ కనిపించని రోజున కూడా ఎవరు ఎవరితో ఉన్నారో, ఏ వైపు సాగారో, ఏది లేదో రాయడం తప్పనిసరి. లేనిదాన్ని లేదని రాయడం అలవాటు కావడానికి ఎక్కువ కాలం పడుతుంది.

ఏనుగుల కుటుంబాన్ని నడిపేది సాధారణంగా వయసు మీరిన ఆడ ఏనుగు. 1993లో టాంజానియాలోని టారంగిరేలో తీవ్రమైన కరువు వచ్చినప్పుడు, ఆ పార్కును వదిలి వెళ్ళిన గుంపుల్లో పిల్లలు ఎక్కువగా బతికాయి, అక్కడే ఉండిపోయిన గుంపులో 1958–61 నాటి కరువును గుర్తుంచుకోగల వయసున్న ఆడ ఏనుగులు లేవు. దంతాల కోసం పెద్ద ఏనుగును చంపినవాడు ఆ కుటుంబపు నీటి దారుల జ్ఞానాన్ని కూడా చంపుతున్నాడన్న మాట అతిశయోక్తి కాదు. ఈ పెద్దల మధ్య సంభాషణలో కొంత భాగం పరశ్రావ్య ధ్వనులతో, అంటే మనిషి చెవికి అందని 20 హెర్ట్జ్‌ల లోపు పౌనఃపున్యం గల శబ్దాలతో సాగుతుంది గనుక, నిశ్శబ్దంగా ఉన్నాయని రాసేముందు వినబడలేదని మాత్రమే రాయడం నిజాయితీ.

ఏనుగులను చూడడానికి వెళ్ళినవారు ఏనుగుల చూపుకు కూడా గురవుతారు. ఒకప్పుడు తమను ఈటెలతో ఎదుర్కొన్న మాసాయి తెగ మగవారి గొంతును, కంబా తెగ మగవారి గొంతును అంబొసెలీ ఏనుగులు వేరుచేసి గుర్తించగలవని, మాసాయి గొంతుకు ఎక్కువగా జంకుతాయని 2014లో వెలువడిన ప్రయోగ ఫలితాలు చూపాయి. అందుచేత జీపు ఎంత దూరంలో ఆగింది, ఎవరు మాట్లాడారు అన్నవి కూడా నమోదులో భాగం కావాలి. పశువుల కాపరులైన మాసాయిలను దారి చూపేవారిగా మాత్రమే కాక, ఆ నేలను చిన్నప్పటినుంచీ చదివిన పండితులుగా గౌరవించి వారి వద్ద కూర్చోవాలి.

చదువు ముగిశాక సొంత గడ్డ మీదా పని ఎదురుచూస్తున్నది. 1980లలో పొరుగు రాష్ట్రాల అడవుల నుంచి ఏనుగులు చిత్తూరు జిల్లాకు వచ్చి స్థిరపడగా, 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. ఆసియా ఏనుగు చెవి చిన్నది, అది పొలంలోకి వచ్చేది ఎక్కువగా రాత్రివేళ, కాబట్టి అంబొసెలీలో నేర్చిన గుర్తింపు ఇక్కడ యథాతథంగా పనిచేయదు. ముందరి పాదపు ముద్ర చుట్టుకొలతకు సుమారు రెట్టింపు భుజం ఎత్తు ఉంటుందన్న లెక్క ఎక్కువగా అక్కరకు వస్తుంది. పంట పోయిన తెల్లవారే చేను చేరి, తడి ఆరకముందే అడుగులు కొలవాలి. నేలకొరిగిన అరటి చెట్లను లెక్కపెట్టాలి. రైతు చెప్పిన నష్టాన్ని రైతు మాటగా, టేపు చెప్పినదాన్ని కొలతగా వేరు వేరు గడుల్లో రాసి, ఆ కాగితం ప్రతిని పరిహారం దరఖాస్తుకు జతచేసుకునేందుకు ఆ రైతు చేతికే ఇచ్చి రావాలి.


ఒక పెద్ద