ఫ్రీజర్‌లో ఒక గని పాఠం



ఖనిజానికీ ధాతువుకీ తేడా అడిగితే పిల్లలు గడగడా చెప్పేస్తారు. “లోహమంతా ఒక్కచోటికి ఎలా చేరింది?” అంటే ఆగిపోతారు. ఈ నెల ఆ ప్రశ్న మీరు అడగండి.

ముందు ఓ ప్రయోగం. గ్లాసుడు రంగు షర్బత్‌ను ఫ్రీజర్‌లో పెట్టి, సగం గడ్డకట్టాక తీయండి. అంచుల్లోని ఐసు పాలిపోయి ఉంటుంది. రంగు, తీపి మధ్యలో మిగిలిన నీళ్లలో చిక్కబడతాయి.

కార్బొనటైట్ శిలాద్రవంలోనూ ఇంతే. మామూలు శిలాద్రవంలో సిలికా ఎక్కువ, దీనిలో కార్బొనేట్లు ఎక్కువ. చల్లారేటప్పుడు ముందు కాల్సైట్ వంటి స్ఫటికాలు కడతాయి. వాటిలో పెద్దగా ఇమడని అరుదైన మృత్తిక మూలకాలు మిగిలిన ద్రవంలో పోగవుతాయి. చివరికి మిగిలే వేడి ద్రవాలు పగుళ్లలోకి పాకి, రాతితో చర్య జరిపి, చల్లారి, తాము మోసుకొచ్చిన వాటిని అక్కడే వదులుతాయి. గుజరాత్‌లోని అంబాడోంగర్‌లో ఫ్లోరిన్ నిండిన ద్రవాలు కార్బొనటైట్‌లోని కాల్షియంతో కలిసి ఫ్లోరైట్ నిల్వలయ్యాయి. 1949లో కనుగొన్న అమెరికాలోని మౌంటెన్ పాస్ నిల్వలో నియోడిమియం ఉంది. ఇయర్‌ఫోన్ అయస్కాంతాల్లో వాడేది ఆ లోహమే.

జవాబు మీరే చెప్పేయకండి. “రంగు మధ్యలోకే ఎందుకు చేరింది?” అని అడిగి, కాసేపు ఆగండి. ఇంగ్లిష్‌లోనే చెప్పమని పట్టుబట్టకండి. తెలుగులో సొంతంగా రెండు వాక్యాలు చెప్పినా పాఠం అర్థమైనట్టే.