మెదడులోని కానబినాయిడ్ గ్రాహకాలు – చికిత్సలో వాటి ప్రయోజనం, పరిమితి

శంషాబాద్‌లోని రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయంలో, బ్యాంకాక్ నుండి వచ్చిన ప్రయాణికుల సామానులో ‘హైడ్రోపోనిక్ గంజాయి’ ఇటీవలి సంవత్సరాలలో పలుమార్లు పట్టుబడింది. ఈ పేరు వలన మట్టి లేని సాగుపైనే అపోహ ఏర్పడుతున్నది. పోషక ద్రావణంలో ఆకుకూరలను పెంచే పద్ధతియే ఇది. మత్తు తీవ్రతకు ప్రధాన కారణం ఎంపిక చేసిన రకాలు, పరాగసంపర్కం జరగకుండా ఉంచిన ఆడ పూలు. ఆ పూల గ్రంథి కేశాలలో ఒకే మూల ఆమ్లం నుండి, మొక్క జన్యువులను బట్టి, టీహెచ్‌సీ ఆమ్లం గాని సీబీడీ ఆమ్లం గాని తయారగును. వేడి తగిలినపుడు అవి టీహెచ్‌సీ, సీబీడీలుగా మారును.

టీహెచ్‌సీ నిర్మాణాన్ని 1964లో ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు రాఫెల్ మెషూలమ్, యెహియెల్ గావోని వెల్లడించారు. అది పనిచేసే సీబీ1 గ్రాహకపు జన్యువును 1990లో, రోగనిరోధక కణాలలో అధికంగా ఉండే సీబీ2ను 1993లో గుర్తించారు. మొక్కలోని పదార్థానికి మెదడులో గ్రాహకం ఎందుకున్నది? 1992లో సమాధానం లభించింది: మెదడు తానే అటువంటి పదార్థాన్ని తయారు చేసుకొనును. సంస్కృత ‘ఆనంద’ శబ్దం నుండి దానికి ఆనందమైడ్ అని పేరు పెట్టారు.

సాధారణంగా నాడీ సంకేతం ఒక కణం నుండి తరువాతి కణానికి సాగును. ఈ అంతర్గత కానబినాయిడ్లు మాత్రం వెనుకకు ప్రయాణించి, సంకేతం పంపిన కణంపై గల సీబీ1ను తాకి ఆ ప్రవాహాన్ని తగ్గించును. అవసరమైన చోట, అవసరమైనంత సేపు మాత్రమే. టీహెచ్‌సీకి ఆ విచక్షణ లేదు. సీబీ1 దట్టంగా ఉన్న హిప్పోక్యాంపస్‌లో అది జ్ఞాపకశక్తిని, చిన్న మెదడులో శరీర సమన్వయాన్ని దెబ్బతీయును. శ్వాసను నియంత్రించే మెదడు కాండంలో ఈ గ్రాహకాలు తక్కువ. నల్లమందు వలె గంజాయి శ్వాసను ఆపకపోవుటకు కారణమిదే. అంతమాత్రాన అది నిరపాయకరం కాదు, ముఖ్యంగా మెదడు ఇంకా ఎదుగుతున్న యువతకు.

క్యాన్సర్ మందుల వలన కలిగే వాంతులను తగ్గించుటకు కృత్రిమ టీహెచ్‌సీని అమెరికా 1985లో అనుమతించింది. సీబీ1ను అడ్డుకొనే రిమోనాబాంట్ స్థూలకాయానికి మందుగా వచ్చి, మానసిక కుంగుబాటు కారణంగా 2008లో ఐరోపా విపణి నుండి తొలగింది. గ్రాహకాన్ని మీటినా, మూసినా మూల్యం ఉన్నదన్నమాట. పిల్లలలో తీవ్రమైన కొన్ని మూర్ఛలకు 2018లో అమెరికా అనుమతి పొందిన శుద్ధ సీబీడీ ఔషధం సీబీ1ను నేరుగా ప్రేరేపించదు. కనుక మత్తు లేదు. ఆ మందు ఫలితాన్ని చూపి గంజాయి పొగను సమర్థించుట అశాస్త్రీయం.

ఔషధ పంటగా దీనిని సాగు చేయవచ్చునా అని అడిగే రైతుకు విస్తరణ శాస్త్రవేత్త ముందుగా చెప్పవలసినది చట్టం. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం పూత, కాయ భాగాలే గంజాయి. వాటితో కలవని ఆకులు, విత్తనాలు ఆ నిర్వచనంలోకి రావు. అయినను మొక్కను పెంచుటకు అనుమతి తప్పనిసరి. నార, విత్తనాల కొరకు సాగును ప్రభుత్వం అనుమతించుటకు 14వ సెక్షన్ వీలు కల్పించును.