వాలిన చెట్టు, వాల్టా కాగితం

ప్రశ్నలు – జవాబులు

గాలివాన వెలిసిందంటే ఈ శీర్షికకు చెట్ల ఉత్తరాలు మొదలవుతాయి. ఐ.పోలవరం మండలం నుంచి, ఆ చుట్టుపక్కల నుంచి వచ్చిన కొన్నిటికి ఈసారి జవాబులు.

*

ప్రశ్న: మాది ఐ.పోలవరం అండీ. ఇంటికి తూర్పున మా మామగారు నాటిన నిద్రగన్నేరు ఉంది. మోంథా తుపాను గాలికి అది మా పెంకుటింటి వైపు ఒరిగింది. మొదట్లో తొర్ర కూడా ఉంది. మా అబ్బాయి హైదరాబాదులో ఉంటాడు, మున్సిపాలిటీ పర్మిషను లేకుండా ముట్టుకోవద్దంటాడు. ఇక్కడ మున్సిపాలిటీ ఏదండీ? ‘మీ దొడ్లో చెట్టు, మీరు కొట్టుకుంటే అడిగేవాడెవడు’ అని తెలిసినవాళ్ళంటున్నారు. కొట్టించెయ్యమంటారా?

జవాబు: ఇప్పుడే గొడ్డలి వెయ్యించకండమ్మా. నేల మీదే, చెట్టు మీదే, అయినా నరకడానికి అనుమతి కావాలి. 2002లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ నీరు, భూమి, చెట్ల చట్టాన్నే అందరూ వాల్టా అంటారు. అది పట్నానికెంతో పల్లెకీ అంతే. ఇసుక తవ్వకాలు, బోరుబావుల గొడవల్లో దాని పేరు పేపర్లో రోజూ చూస్తాం. అందులో చెట్లు కూడా ఉన్నాయన్న సంగతి మాత్రం నరికాక ఎవరో ఫిర్యాదు పెడితే గానీ గుర్తు రాదు.

మీ అబ్బాయి చెప్పింది పట్నం పద్ధతి. అక్కడ మొదట కమిషనరు ఆఫీసుకు వెళ్తారు. మీ పక్కనే ముమ్మిడివరం నగర పంచాయతీ ఉన్నా మీ ఊరు దాని కిందకు రాదు. మీరు వెళ్ళవలసింది తహసీల్దారు కార్యాలయానికి. స్థలం మీదేనా, పోరంబోకా అన్నది రెవెన్యూ వాళ్ళు తేలుస్తారు. చెట్టు సంగతి అటవీ శాఖ వాళ్ళు చూస్తారు. అందుకని అర్జీ తహసీల్దారు పేర రాసి, నకలు అటవీ రేంజి అధికారికి పెట్టండి. అక్కడిదాకా వెళ్ళలేకపోతే గ్రామ సచివాలయంలో ఇచ్చినా పైకి పంపుతారు. ఎక్కడ ఇచ్చినా ముట్టినట్టు సంతకం, తేదీ వేయించుకోకుండా ఇంటికి రావద్దు.

అర్జీలో ‘చెట్టు ప్రమాదకరంగా ఉన్నది, దయచేసి అనుమతి ఇప్పించగలరు’ అని రాసి ఊరుకుంటే చదివేవాళ్ళకు ఏమీ కనపడదు. ఏం ప్రమాదమో కళ్ళకు కట్టాలి. ఒక ఉదయం టేపు, ఫోను పట్టుకుని చెట్టు చుట్టూ తిరగండి. ముందు ఒరిగిన వైపు కాదు, దానికి ఎదురు వైపు నేల చూడండి. అక్కడ మట్టి పగిలి, వేళ్ళతో సహా పైకి లేచి ఉంటే చెట్టు పట్టు వదిలేసిందన్నమాట. ఆ పగులులో చెయ్యి దూరుతోందంటే అర్జీ సంగతి తరవాత, ముందు ఈ రాత్రి నుంచే ఆ వైపు గదిలో పడక మానెయ్యండి. నేల గట్టిగా ఉండి, మాను ఎప్పటినుంచో వంపుగా పెరిగి, తల మాత్రం నిటారుగా ఉంటే అది పాత వంపు. దాంతో అంత భయం లేదు.

తొర్ర ఉన్నంత మాత్రాన చెట్టు పడదు. తొర్ర చుట్టూ గట్టి చెక్క ఎంత మందం మిగిలిందన్నదే లెక్క. చెక్క సుత్తితో మాను చుట్టూ తట్టుకుంటూ వెళ్ళండి, డొల్ల చప్పుడు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో సుద్దముక్కతో గీత పెట్టి ఫొటో తియ్యండి. మొదలు దగ్గర పుట్టగొడుగులు లేస్తే అదీ తియ్యండి. అది వేరు కుళ్ళుకు గుర్తు. ఇంకో సంగతి మీరే గుర్తు చేసుకోవాలి. ఈమధ్య దొడ్డి మెరక చేయించారా? సెప్టిక్ ట్యాంకు గొయ్యి ఆ పక్కన తవ్వించారా? మన లంక నేలల్లో నీరు పైపైనే తగులుతుంది గనక వేళ్ళు లోతుకు పోవు, పక్కలకు పాకుతాయి. మెరక మట్టి కింద అవి ఊపిరాడక కుళ్ళిపోతాయి, గొయ్యి తవ్వేటప్పుడు పారకు తెగిపోతాయి. మూడేళ్ళో నాలుగేళ్ళో పోయాక గాలి వస్తుంది, అందరం గాలిని తిడతాం.

ఇవన్నీ చూశాక అర్జీ రాయండి: సర్వే నంబరు లేదా ఇంటి నంబరు, చెట్టు పేరు, రొమ్ము ఎత్తున చుట్టుకొలత, గోడకు ఎన్ని అడుగుల దూరం, ఏ వైపు ఒరిగింది, ఇంట్లో ఎంతమంది ఉంటారు. ఫొటోలు, ఇంటి పన్ను రసీదు జతచెయ్యండి. ప్రాణానికి, ఇంటికి ముప్పు అన్నది బలమైన కారణం, కానీ దాన్ని మీరే చూపించాలి. కదలిక లేకపోతే సోమవారం అమలాపురం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉంటుంది, పాత అర్జీ నకలుతో వెళ్ళండి. అనుమతితో పాటు బదులు మొక్కలు నాటాలన్న షరతు వస్తుంది. దాన్ని జరిమానాలా చూడకండి, మామగారు నాటిన చోటికి ఇరవై అడుగులు అవతల వేసుకోండి.

పూర్తిగా కొట్టనక్కరలేని చెట్లు కూడా చాలా ఉంటాయి. నేల పగలక, మాను గట్టిగా ఉండి, ఇంటి మీదికి వచ్చిన రెండు కొమ్మలే బెడదైతే వాటినే తీయించడానికి అనుమతి అడగండి. నిద్రగన్నేరు కొమ్మ ఇంటి దూలమంత బరువు, గాలి లేని రోజున కూడా విరిగిపడుతుంది. కొవ్వూరు మండలం కుమారదేవంలో గోదావరి గట్టున ఉన్న ‘సినిమా చెట్టు’ మీకు తెలిసే ఉంటుంది. నూటయాభై ఏళ్ళదని చెప్పే ఆ నిద్రగన్నేరు ఎన్నెన్ని సినిమాల్లో కనిపించిందో! 2024 ఆగస్టులో, వరదకు గట్టు నాని ఉన్న రోజుల్లో, కూలిపోయింది. అంత పేరున్న చెట్టుకే నేల నానితే ఆ గతి పట్టింది. మీది నిలబెట్టగలిగేదైతే నిలబెట్టండి, పట్టు వదిలిందైతే మామగారి మీద గౌరవంతో ఇంకో వానాకాలం దాకా ఆగకండి.

*

ప్రశ్న: మురమళ్ళ నుంచి రాస్తున్నాను. పక్కింటి వాళ్ళ కొబ్బరి చెట్టు సగానికి పైగా మా డాబా మీదే ఉంటుంది. కాయలు, మట్టలు పడుతున్నాయి. మానుకు చిల్లులు కూడా కనిపిస్తున్నాయి. ‘మా తాత నాటింది, కాపు చెట్టు, కొట్టం’ అంటున్నారు. వరసకి బాబాయి అవుతాడు, కేసు పెట్టలేం. ఏం చెయ్యాలండీ?

జవాబు: కాపు చెట్టును కొట్టమంటే కోనసీమలో ఎవరికైనా కష్టంగానే ఉంటుంది. 1996 నవంబరు 6 రాత్రి తుపాను మీ తీరం మీదే విరుచుకుపడి తోటలకు తోటలు పడగొట్టిన తరవాత, నిలబడ్డ చెట్టు మీద జనానికి మమకారం ఇంకా పెరిగింది. మీ బాబాయిగారిని ఆ కోణంలో కూడా అర్థం చేసుకోండి.

ముందు ఆ చిల్లుల సంగతి తేల్చండి. చిల్లుల్లోంచి ఎర్రటి జిగురు కారుతూ, నమిలిన పీచు బయటకు వస్తూ, మానుకు చెవి ఆనిస్తే లోపల కరకర వినిపిస్తుంటే అది ఎర్రముక్కు పురుగు. లోపలంతా తినేసి, పైకి పచ్చగా కనిపిస్తుండగానే తల విరిగిపడుతుంది. సచివాలయంలో ఉద్యాన సహాయకులుంటారు, పిలిచి చూపించండి. తేలకపోతే అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం వాళ్ళు కొబ్బరి మీదే పనిచేస్తారు, ఫొటోలు పట్టుకుని వెళ్ళండి. పురుగు తొలి దశలో ఉంటే మందుతో బతికించవచ్చు. బాబాయిగారికి ఈ మాట ‘చెట్టు కొట్టండి’ అన్నదానికన్నా బాగా వినిపిస్తుంది. నెలకో రెండు నెలలకో దింపు తీయించే ఖర్చు మీరే పెట్టుకుంటామనండి. కాయలు ఆయనవే, మీ డాబా మీద పడ్డవి కూడా. దింపు కార్మికుడికి కొబ్బరి అభివృద్ధి బోర్డు ‘కేర సురక్ష’ బీమా ఉందో లేదో అడగండి. పుచ్చిన మాను ఎక్కమని ఎవర్నీ బలవంతపెట్టకండి.

మంచిమాట పనిచెయ్యకపోతే చట్టంలో ఒక దారి ఉంది. పడిపోయేలా ఉండి ఇరుగుపొరుగుకో, దారిన పోయేవాళ్ళకో దెబ్బ తగిలించే చెట్టును తీసెయ్యమనో, ఊతం కట్టమనో యజమానిని ఆదేశించే అధికారం ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకు ఉంది. పాత నేర ప్రక్రియా స్మృతిలో 133వ సెక్షను, 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక సురక్షా సంహితలో 152. మీ మండలానికి ఆ అధికారి అమలాపురం ఆర్డీవో. లాయరు లేకుండా కూడా అర్జీ ఇవ్వవచ్చు.

ఆర్డీవో దాకా వెళ్ళేముందు, చెట్టు అపాయంగా ఉందని ఒక ఉత్తరం రాసి బాబాయిగారికి ఇవ్వండి. చుట్టరికం చెడుతుందని ఈ ఒక్క పని మానెయ్యకండి. 1964లో ఢిల్లీలో దారిన పోతున్న మనిషి మీద చెట్టు కొమ్మ విరిగిపడి చనిపోతే, ఆ కుటుంబం వేసిన కేసు 1999లో సుప్రీంకోర్టులో తేలింది. మున్సిపల్ కార్పొరేషన్‌దే బాధ్యత అన్నారు. చెట్టు పాడైన సంగతి యజమానికి తెలుసా, తెలిసి ఉండాలా అన్న దగ్గరే అలాంటి కేసులు తిరుగుతాయి. మీ ఉత్తరం చేతికి అందాక ‘నాకు తెలీదు’ అనడానికి ఉండదు. తెలిశాక కదలని మనిషి అరుదు.

*

ప్రశ్న: మా గుమ్మం ముందున్న మామిడి కొమ్మలు కరెంటు తీగలకు తగులుతున్నాయి. ప్రతి గాలికీ నిప్పురవ్వలే. మనిషిని పెట్టి కొట్టించవచ్చా? చెట్టు మొత్తం తీసేస్తామంటే నష్టపరిహారం ఇస్తారా? – ఎదుర్లంక

జవాబు: కొట్టించకండి. తడి కొమ్మ తీగకు తగిలి ఉండగా కత్తి వేసినవాడు మళ్ళీ కిందికి దిగడు. 1912కు ఫోను చేసి ఫిర్యాదు నంబరు రాసుకోండి, సచివాలయంలో ఎనర్జీ అసిస్టెంటుకు కూడా చెప్పండి. వాళ్ళు ఎల్‌సీ తీసుకుని, అంటే లైను ఆపించి, కొమ్మలు తీస్తారు. మీ మనిషి పనిచేసినా ఎల్‌సీ ఉన్నప్పుడే చెయ్యాలి. ‘ఫ్యూజు పీకేశాం, ఎక్కెయ్’ అన్న మాట నమ్మవద్దు.

పరిహారం సంగతి. 2003 విద్యుత్ చట్టం 68వ సెక్షను ప్రకారం తీగలకు అడ్డమొచ్చే చెట్టును మేజిస్ట్రేటు ఉత్తర్వుతో తీసెయ్యవచ్చు. తీగ వేయకముందే చెట్టు ఉంటే, సొంతదారుకు తగిన పరిహారం నిర్ణయించాలని అదే సెక్షను చెబుతుంది. తీగ వచ్చాక నాటింది మాత్రం అందులోకి రాదు. కాబట్టి చెట్టు వయసు చెప్పగల పాత కాగితమో, పాత పెళ్ళి ఫొటోలో వెనక కనిపిస్తున్న కొమ్మో ఉంటే దాచుకోండి.

*

ప్రశ్న: రోడ్డు వారన మా తాతగారు నాటిన రావిచెట్టు వేళ్ళు మా ప్రహరీని ఎత్తేస్తున్నాయి. మా చెట్టే కదా, కొట్టుకోవచ్చా? రావిని కొడితే పాపం అంటారు, అదీ ఒక బెంగ. – గుత్తెనదీవి

జవాబు: తాతగారు నాటినా రోడ్డు మార్జిన్‌లో ఉన్నది మీది కాదు. పంచాయతీ రోడ్డయితే పంచాయతీకి, ఆర్ అండ్ బీ రోడ్డయితే ఆ శాఖకు రాయండి. పాపం మాట మీ ఇంటి పెద్దలను అడగండి, నేను తీర్చలేను. ప్రహరీ మాట చెప్పగలను: వేరు వచ్చిన చోట పునాది తీసి, మీద దూలం వేసి గోడ లేపితే చెట్టూ ఉంటుంది, గోడా ఉంటుంది. రావి వేళ్ళను ఒక పక్క మొత్తం నరికితే మాత్రం ఇప్పుడు లేని ప్రమాదం వచ్చే తుపానుకు మీరే తయారు చేసుకున్నట్టు.

*

ప్రశ్న: నేను అట్లాంటాలో ఉంటాను. నాన్నగారిది యానాం. ఇక్కడ చెట్టు కొట్టాలంటే నగర అర్బరిస్టు దగ్గరకు వెళ్ళాలి. అక్కడ వాల్టా అర్జీ ఆన్‌లైన్‌లో పెట్టవచ్చా?

జవాబు: యానాం పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతం. ఆంధ్రప్రదేశ్ వాల్టా ఎదుర్లంక వంతెన ఇవతలే ఆగిపోతుంది. నాన్నగారు యానాం మున్సిపాలిటీలోనూ, ప్రాంతీయ పరిపాలనాధికారి కార్యాలయంలోనూ అడగాలి. మీ అట్లాంటాలో చచ్చిన, చస్తున్న, ప్రమాదకరమైన చెట్లకు వేరే దరఖాస్తు ఉంటుంది కదా, అలాంటిది మన దగ్గర కూడా ఉంటే ఈ శీర్షికకు సగం ఉత్తరాలు తగ్గుతాయి. మీరు అక్కడి నుంచి చెయ్యగల మేలు ఒకటుంది: వీడియో కాల్‌లో నాన్నగారి చేత చెట్టు మొదలు చూపించుకోండి. ఆయన ఫోను కొమ్మల వైపే తిప్పుతారు, మీరు నేల వైపు తిప్పించండి.

*

ప్రశ్న: తుపాను రాత్రి వేపచెట్టు వంటింటి మీద పడింది. తెల్లారి ఊళ్ళోవాళ్ళు సాయం పట్టి ముక్కలు చేసి తీసేశారు. అనుమతి లేదు. ఇప్పుడు కేసు అవుతుందా? దుంగలు కోత మిల్లుకు తోలదామనుకుంటున్నాం. – కేశనకుర్రు

జవాబు: గాలికి పడ్డదానికీ, నిలబడి ఉన్నదాన్ని నరికినదానికీ చాలా తేడా. ఇంటి మీద పడ్డ చెట్టును అనుమతి వచ్చేదాకా అలాగే ఉంచమని ఎవరూ అనరు. మోంథాకు మన కోనసీమలోనే ఇంటి మీద తాడిచెట్టు పడి ఒక ఆమె ప్రాణం పోయింది. మీకు వంటిల్లుతో పోయింది, అదే నయం. తీసేముందు ఎవరైనా ఫోనులో ఫొటోలు తీశారేమో అడిగి తెప్పించుకోండి. వేళ్ళతో లేచిన మొదలు ఇంకా అక్కడే ఉంటే దాన్ని కదపకండి. కోతకు కాదు, గాలికి పడిందనడానికి అదే సాక్ష్యం. వీఆర్వోను పిలిచి చూపించి, ఇద్దరు ఇరుగుపొరుగు సంతకాలతో పంచనామా రాయించండి. ఇంటి నష్టం నమోదుకూ అదే కాగితం పనికొస్తుంది.

దుంగలు తోలడం వేరే సంగతి. సరుగుడు, సుబాబుల్, జామాయిల్ లాంటి వాటికి మినహాయింపులున్నాయి గానీ, మిగతా కలప బండి ఎక్కిందంటే రవాణా పర్మిట్ అడుగుతారు. పంచనామా నకలుతో అటవీ రేంజి కార్యాలయంలో ముందే అడగండి. ట్రాక్టరు వాడు ‘రాత్రిపూట తోలేద్దాం’ అంటే ఒప్పుకోకండి. వంట చెరుకుకు ఇంట్లో వాడుకునే ముక్కలైతే తోలే పనే లేదు, కానీ చెక్కలో చెదలుంటే కొత్తగా వేసే వంటింటి గోడకు ఆనించి పేర్చకండి.